మెట్లెక్కితేనే ఛాతీ బరువు, 80 శాతం అడ్డు: స్టెంటు వెంటనే వేయించాలా, మందులతో చూడాలా?

మల్కాజిగిరి అల్లుడు:
మా మామగారికి 63 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తు కాపురం. ఆరు నెలలుగా ఉదయం పాల ప్యాకెట్లు తీసుకుని పైకి వస్తుంటే, రెండో అంతస్తు దాటగానే ఛాతీ మీద ఎవరో అరచెయ్యి పెట్టి అదిమినట్టు ఉంటోంది. మెట్టు మీద రెండు నిమిషాలు కూర్చుంటే తగ్గిపోతుంది. ఊరికే కూర్చున్నప్పుడు గానీ నిద్రలో గానీ ఒక్కసారి కూడా రాలేదు. ట్రెడ్‌మిల్ పరీక్షలో తేడా కనిపించిందని యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల్లోకి రంగు మందు పంపి ఎక్స్‌రేలో చూసే పరీక్ష) చేశారు. కుడి రక్తనాళంలో 80 శాతం అడ్డు, మిగతా రెండింటిలో 30, 40. ఎడమవైపు ప్రధాన నాళం శుభ్రంగా ఉంది. ఎకోలో గుండె పంపింగ్ 60 శాతం, అంటే మామూలుగానే ఉంది.

గొడవ ఎక్కడ వచ్చిందంటే, ఆయన ఇంకా బల్ల మీద ఉండగానే డాక్టరు బయటికి వచ్చి, స్టెంటు (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) ఇప్పుడే వేసేస్తాం, సంతకం పెట్టండి అన్నారు. ఒక్కరోజు ఆలోచించుకుంటామన్నాను. "తీసుకెళ్తే పూచీ మీదే" అన్నారు. తీసుకొచ్చేశాను. ఆ రోజు నుంచి మా బావమరిది నాతో మాట్లాడటం లేదు. వాళ్ల నాన్న ప్రాణంతో బేరం ఆడానట. అత్తగారేమో స్టెంటుకు ఛాతీ కొయ్యరని ఎంత చెప్పినా వినకుండా "కోతలు వద్దు నాయనా" అంటున్నారు. నేను చేసింది తప్పా?

విద్యానగర్ సూరి:
తప్పే. మొహమాటం లేకుండా చెబుతున్నాను. 80 శాతం మూసుకుపోయిందంటే మిగిలింది 20. అది కూడా మూసుకుపోయేదాకా కూర్చుంటారా? మా అన్నయ్య "దసరా వెళ్లనీ, చూద్దాం" అన్నాడు. మహాలయ పక్షాల్లోనే పోయాడు. మీ బావమరిది కోపం నాకు అర్థమవుతోంది.

అంబర్‌పేట మాజీ టెక్నీషియన్:
సూరి గారూ, చాలా బాధగా ఉంది. ఒక్క మాట అడగవచ్చా? మీ అన్నయ్యగారికి నడిచినప్పుడే వచ్చేదా, ఊరికే ఉన్నప్పుడు కూడా వచ్చేదా?

విద్యానగర్ సూరి:
చివరి వారం రాత్రిళ్లు కూడా వచ్చేది. చెమటలు పట్టేవి. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకునేవాడు.

అంబర్‌పేట మాజీ టెక్నీషియన్:
అందుకే అడిగాను. నేను క్యాత్ ల్యాబ్‌లో, అంటే యాంజియోగ్రామ్‌లు, స్టెంట్లు చేసే గదిలో, ఇరవై రెండేళ్లు పనిచేశాను. డాక్టరును కాను, కానీ యాంజియోగ్రామ్ తెరల ముందు నిలబడి నిలబడి మోకాళ్లు అరగదీసుకున్నవాణ్ణి. ఒకే పేరుతో తిరిగే రెండు వేర్వేరు పరిస్థితులను ఇక్కడ కలిపేస్తున్నారు.

మీ అన్నయ్యగారిది రోజురోజుకూ ముదిరే నొప్పి. విశ్రాంతిలో వచ్చింది, నిద్రలో లేపింది, చెమట పట్టించింది. అలాంటి మనిషిని ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చాలి. అసలు గుండెపోటు మొదలైతే ఇక చర్చే లేదు. ఎంత త్వరగా నాళం తెరిస్తే అంత కండరం దక్కుతుంది. ఆసుపత్రి గడప దాటిన 90 నిమిషాల్లో నాళం తెరిచే బెలూన్ పడాలన్నది మా ల్యాబ్‌లో గోడ మీద రాసి ఉండేది. అక్కడ స్టెంటు ప్రాణం నిలుపుతుంది. దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

అల్లుడుగారి మామగారిది నిలకడగా ఉన్న నొప్పి. ఇంత శ్రమకు ఇంత అని లెక్క ప్రకారం వస్తుంది, కూర్చుంటే పోతుంది. ఇలాంటివారిలో స్టెంటు వేసి మందులిస్తే ఎక్కువకాలం బతుకుతారా, మందులొక్కటే చాలా అన్న ప్రశ్నకు పెద్ద పరిశోధనలే జరిగాయి. 2007లో వచ్చిన కరేజ్ పరిశోధనలో 2,287 మంది ఉన్నారు. 2020లో వచ్చిన ఇస్కీమియా పరిశోధనలో 5,179 మంది, వారిలో మనదేశం వారూ ఉన్నారు. ట్రెడ్‌మిల్ వంటి పరీక్షల్లో గట్టి తేడా కనిపించినవారినే తీసుకున్నారు. రెండింటిలోనూ తేలింది ఒకటే: ముందుగా స్టెంటో బైపాసో చేసినంత మాత్రాన మరణాలు, గుండెపోట్లు మొత్తంగా తగ్గలేదు.

ఎందుకు తగ్గలేదన్నదే అసలు సంగతి. మనం గుండె నాళాన్ని నల్లా పైపులా ఊహించుకుంటాం. తుప్పు పేరుకుంది, గీకేస్తే నీళ్లొస్తాయి అనుకుంటాం. మా ల్యాబ్ బయట బెంచీ మీద కూర్చున్న ప్రతి బంధువూ ఈ మాటే అనేవాడు. పైపు పోలిక పూర్తిగా తప్పు కాదు గానీ సగమే నిజం. కొవ్వు పేరుకునేది నాళం గోడ లోపల, కురుపులాగా. ఆ కురుపు చిట్లితే దాని మీద రక్తం గడ్డకట్టి, నిమిషాల్లో నాళం మూసుకుంటుంది. అదే గుండెపోటు. చిట్లేది 80 శాతం ఉన్నదే కానక్కర్లేదు. 40 శాతం అని మనం పట్టించుకోనిది కూడా చిట్లవచ్చు. స్టెంటు ఒక్క చోటే కూర్చుంటుంది. కొలెస్ట్రాల్ మాత్ర, ఆస్పిరిన్, రక్తపోటు, షుగరు, పొగ మానడం మాత్రం నాళాలన్నిటికీ పనిచేస్తాయి.

అయితే ఈ మాట అందరికీ వర్తించదు. ఎడమ ప్రధాన నాళంలో అడ్డు ఉన్నవారిని, పంపింగ్ బాగా పడిపోయినవారిని ఆ 2020 పరిశోధనలో చేర్చుకోలేదు. మామగారికి ఆ రెండూ లేవు, అందుకే నేను ఇంత ధైర్యంగా రాస్తున్నాను. ఆ రిపోర్టు వేరేగా ఉంటే నా మాట కూడా వేరేగా ఉండేది.

బొగ్గులకుంట బాటసారి:
ఇంత వివరణ దేనికండీ? అంతా వ్యాపారం. స్టెంటు అమ్మితే ఇంత కమీషను, వేస్తే ఇంత. అన్నీ మానేసి పొద్దున్నే రెండు వెల్లుల్లి రెబ్బలు, గంట నడక చాలు. కొలెస్ట్రాల్ మాత్రలైతే ఇంకా మోసం. మా పిన్ని మానేసిన వారంలో కాళ్ల నొప్పులు పోయాయి.

అంబర్‌పేట మాజీ టెక్నీషియన్:
ధరల దోపిడీ జరగలేదని నేను అనను. కళ్లారా చూశాను. 2017 ఫిబ్రవరిలో కేంద్రం గరిష్ఠ ధర పెట్టేదాకా, మందు పూత ఉన్న స్టెంటుకు లక్ష దాటి కూడా వసూలు చేశారు. ఆ రోజు అది పన్నులు కాక 29,600కు దిగింది, మామూలు లోహపుది 7,260కి. నిన్న లక్ష, నేడు ముప్పై వేలు! మధ్యలో ఆ డబ్బు ఎక్కడికి పోయినట్టు? మన ఊళ్లోనే 1990లలో అబ్దుల్ కలాం గారు, గుండె డాక్టరు సోమరాజు గారు కలిసి చవకైన స్టెంటు చేయించారు. కలాం-రాజు స్టెంటు అనేవాళ్లం. ధర మీద కోపం మీకే కాదు, చాలా పాతది.

కానీ బిల్లు మీద కోపాన్ని మాత్ర మీద చూపించకండి. స్టెంటు వద్దనుకున్నవాడికి మాత్రే ఆధారం. అది కూడా మానేస్తే ఆయన చేయించుకున్న వైద్యం ఏమీ లేదన్నమాట.

మల్కాజిగిరి అల్లుడు:
ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మామగారు కూడా కొలెస్ట్రాల్ మాత్ర రెండు నెలల క్రితమే మానేశారట. పిక్కలు లాగుతున్నాయని. ఎవరో ఫోనులో పంపిన వీడియో చూశారు. నిన్న మందుల డబ్బా సర్దుతుంటే బయటపడింది.

తార్నాక తాయారు:
అయ్యో, ఇది ముందు చెప్పాల్సిన సంగతి కదండీ!

నాకు 58. నిరుడు స్టెంటు వేయించుకున్నాను, అందుకే రెండు మాటలు రాస్తున్నాను. నాకు ఛాతీ నొప్పి రాలేదు. దవడ లాగేది, గుండెల్లో మంట, వంట చేస్తూ చేస్తూ అలసట. ఎనిమిది నెలలు అసిడిటీ మాత్రలు మింగించారు. ఆడవాళ్లం చెబితే గ్యాస్ అనడం, మగవాళ్లు చెబితే ఈసీజీ తీయడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సరే, అది వేరే చర్చ.

మూడు నెలలు మందులు వాడాను. తగ్గింది గానీ పోలేదు. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్రతో నీరసం, ఇంకో మాత్రతో తలనొప్పి. అప్పుడు స్టెంటు వేయించుకున్నాను. ఇప్పుడు యూనివర్సిటీ రోడ్డులో నాలుగు కిలోమీటర్లు ఆగకుండా నడుస్తున్నాను. ఆయుష్షు పెంచదంటే పెంచకపోనివ్వండి, ఉన్న ఆయుష్షులో ఊపిరి పీల్చుకుంటున్నాను. అది చిన్న విషయమా, టెక్నీషియన్ గారూ?

అంబర్‌పేట మాజీ టెక్నీషియన్:
చిన్నది కాదమ్మా. నేను ఆ వైపు తక్కువ రాశాను, మీరు సరిదిద్దారు. 2017లో బ్రిటన్‌లో ఆర్బిటా అనే పరిశోధనలో 200 మందిని తీసుకుని, సగం మందికి నిజంగా స్టెంటు వేశారు, సగం మందికి వేసినట్టు నటించారు. మందులు గట్టిగా ఇచ్చిన మీదట, నడవగల సమయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. స్టెంటు వ్యతిరేకులు ఇక్కడిదాకా చెప్పి ఆగిపోతారు. 2023లో అదే బృందం నొప్పి తగ్గించే గుండె మందులు ఆపించి 301 మందితో మళ్లీ చేస్తే, స్టెంటు వేసినవారికి నొప్పి స్పష్టంగా తగ్గింది. అంటే మందులు పడనివారికి, వాడినా నొప్పి వదలనివారికి స్టెంటు మంచి దారే.

వేయించుకుంటే మాత్రం గుర్తుంచుకోండి: నెలల తరబడి రక్తం గడ్డకట్టకుండా రెండు మందులు వాడాలి. పన్ను పీకించుకోవాలన్నా, మోకాలి ఆపరేషన్ అన్నా, గుండె డాక్టరును అడగకుండా వాటిని ఆపితే స్టెంటులోనే గడ్డ కట్టే ప్రమాదం ఉంది. మామగారికి వేరే ఆపరేషన్ ఏదైనా అనుకుంటున్నారా? ఉంటే ముందే చెప్పాలి.

ఇక పిక్కల నొప్పులు. ఇలా మానేసిన 60 మందితో సామ్సన్ అనే పరిశోధన చేశారు. ఒక్కొక్కరికి పన్నెండు సీసాలు: నాలుగింటిలో అసలు మాత్ర, నాలుగింటిలో మందు లేని ఉత్త మాత్ర, నాలుగు ఖాళీ. నెలకొక సీసా. అసలు మాత్ర వేసుకున్నప్పుడు పడిన బాధలో 90 శాతం ఉత్త మాత్ర వేసుకున్నప్పుడూ పడ్డారు. ఆ లెక్క చూపించాక సగం మంది మళ్లీ మొదలుపెట్టారు. బాధ అబద్ధమని కాదు, నొప్పి నిజంగానే ఉంటుంది, కారణమే వేరు. కొద్దిమందికి మాత్రవల్ల కండరాలు నిజంగా దెబ్బతింటాయి. అందుకు రక్తపరీక్ష ఉంది. థైరాయిడ్ చూడాలి, మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. చెప్పకుండా మానేయడమొక్కటే పనికిరాదు.

బొగ్గులకుంట బాటసారి:
మా పిన్నికి థైరాయిడ్ ఉంది. చూపించలేదు. కనుక్కుంటాను.

మల్కాజిగిరి అల్లుడు:
రెండు రోజుల తర్వాత రాస్తున్నాను. యాంజియోగ్రామ్ సీడీ పట్టుకుని ఇంకో గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాం. బావమరిదిని కూడా బతిమాలి తీసుకెళ్లాను. ఆ డాక్టరు సీడీ చూసి, మమ్మల్ని వదిలేసి మామగారి వైపు తిరిగి, "మీకేం కావాలి?" అన్నారు. మాకు సిగ్గేసింది. పది రోజులుగా అందరం కొట్లాడుకుంటున్నాం, ఆయన్ను ఎవరూ అడగలేదు.

మామగారు కాసేపు ఆలోచించి, "పాల ప్యాకెట్లతో ఆగకుండా మూడో అంతస్తు ఎక్కాలి. నేను దారిలో కూర్చుంటే పిల్లలు భయపడుతున్నారు" అన్నారు. అయితే మూడు నెలలు మందులు పద్ధతిగా వాడి చూద్దామన్నారు డాక్టరు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఇప్పుడు 148 ఉంది, 70 కన్నా దిగాలట. కొలెస్ట్రాల్ మాత్ర వేరేది రాశారు. సంక్రాంతికి కూడా మెట్ల మీద కూర్చోవలసి వస్తే స్టెంటు. నొప్పి తీరు మారితే, ఊరికే ఉన్నప్పుడు వస్తే, సంక్రాంతి కోసం ఆగకూడదు, అదే రోజు రావాలి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కాబట్టి ఖర్చు సంగతి అప్పుడు చూసుకుంటాం. బావమరిది ఇంకా ముభావంగానే ఉన్నాడు గానీ, ఉదయం ఎనిమిదింటికి మాత్ర వేసుకున్నారా అని ఫోను చేస్తున్నాడు.

నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే మాత్ర జేబులో ఉంచుకోమన్నారు. దాని గురించి ఏమైనా జాగ్రత్త?

తార్నాక తాయారు:
కూర్చుని పెట్టుకోమనండి, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మెట్ల మీద నిలబడి అసలే వద్దు.

అంబర్‌పేట మాజీ టెక్నీషియన్:
మగవారి లైంగిక సమస్యకు వేసుకునే మాత్రలు ఏవైనా వాడుతుంటే ఇది పెట్టుకోకూడదు, ప్రమాదం. ఇంట్లో అల్లుడు అడగలేడు, డాక్టరుతోనే అడిగించండి.

విద్యానగర్ సూరి:
నేను ఇప్పటికీ వేయించుకోమనే అంటాను. నా భయం నాది. మీరు ఆగుతామంటే మాత్రం మూడో అంతస్తు తలుపు వెనక 108 నంబరు పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. సోడా సీసా ఇంట్లో ఉంచకండి.