నీరు వెనక్కి తగ్గిన తరువాత స్పైరల్ జెట్టీ చూడదగినదేనా?

ప్రశ్న:
అమెరికాలోని యూటాలో, గ్రేట్ సాల్ట్ లేక్ ఈశాన్యపు ఒడ్డున, రోజెల్ పాయింట్ దగ్గర కళాకారుడు రాబర్ట్ స్మిత్సన్ 1970లో కళాకృతిగా నిర్మించిన స్పైరల్ జెట్టీని చూడాలని మా అమ్మ ఎంతో కాలంగా కోరుకుంటున్నారు. పాత ఫొటోలలో గులాబీరంగు నీటి నడుమ ఉన్న ఆ సర్పిలాకారపు రాతికట్ట ఇప్పుడు పొడినేల మీద ఉందని చదివాను. అంత దూరం వెళ్ళి ఆవిడ నిరాశపడతారేమోనని నా దిగులు. ఆ రాళ్ళ మీద డెబ్బై ఏళ్ళ మనిషి నడవగలరా?

మొదటి సమాధానం:
నేను వెళ్ళిన రోజున నీరు కనుచూపు మేరలో సన్నని గీతలా ఉంది, అయినా తీసుకువెళ్ళమనే చెబుతాను. కట్టిన కొన్నేళ్ళకే నీట మునిగి, దాదాపు 30 ఏళ్ళు కంటికి కనబడకుండా ఉండి, 2002 ప్రాంతంలో ఉప్పు పేరుకున్న రాళ్ళతో మళ్ళీ బయటపడిన కట్ట అది. 1973లోనే విమాన ప్రమాదంలో మరణించిన స్మిత్సన్ ఆ రూపాన్ని చూడనేలేదు. ప్రకృతిలో ఏదీ నిలకడగా ఉండదన్న ఆలోచన ఆయనకు ఎంతో ఇష్టమైనది కనుక, ఎండిన సరస్సు కూడా ఆ కృతిలో భాగమేనని నా నమ్మకం.

రెండవ సమాధానం:
నడక సంగతి చెబుతాను. కట్ట పొడవు సుమారు 1500 అడుగులు, వెడల్పు 15 అడుగులు. బసాల్టు అనే నల్లని అగ్నిపర్వత శిలల రాళ్ళు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి చేతికర్ర, గట్టి బూట్లు తప్పనిసరి. నడవలేకపోయినా బాధ లేదు, ఎందుకంటే కారు ఆపే చోటికి పైనున్న వాలు నుంచే ఆకారం మొత్తం కనిపిస్తుంది, దగ్గరకు వెళితే అది కనబడదు. దారిలో వచ్చే గోల్డెన్ స్పైక్ చారిత్రక ఉద్యానం సందర్శక కేంద్రం దాటాక సుమారు 15 మైళ్ళు కంకర రోడ్డే. ఆ తరువాత మంచినీరు, మరుగుదొడ్డి ఏవీ ఉండవు, ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకూడదు. దయచేసి ఒక్క రాయి కూడా తెచ్చుకోకండి.

మూడవ సమాధానం:
అమ్మగారికి ఆ గులాబీరంగే చూడాలని ఉంటే, కట్టను దాటి ఉప్పునేల మీదుగా నీటి వరకు వెళ్ళాలి. 1959లో పూర్తయిన రైలుకట్ట సరస్సు ఉత్తర భాగాన్ని వేరుచేయడంతో అక్కడ ఉప్పు విపరీతంగా పెరిగి, ఉప్పును తట్టుకునే సూక్ష్మజీవులు నీటికి ఆ రంగునిస్తున్నాయి. అయితే ఉప్పుపొర కింద బురద ఉండవచ్చు. ఆవిడను వాలు మీదే కూర్చోబెట్టి, మీరు ముందుగా వెళ్ళి నేల గట్టిగా ఉందో లేదో చూసి రండి.