మోక్తెసుమా నిజంగా పిరికివాడేనా?

గోదారిగట్టు:
1519 నవంబర్ 8న స్పెయిన్ నుంచి వచ్చిన కోర్తెస్ కొన్ని వందల మందితో ఇప్పటి మెక్సికోలోని అజ్‌టెక్ రాజధాని టెనోచ్‌టిట్లాన్‌లో అడుగుపెట్టాడు. చక్రవర్తి రెండో మోక్తెసుమా ఎదురెళ్లి మరీ స్వాగతం చెప్పాడు. వారం రోజులకే బందీ అయ్యాడు. వచ్చినవాడు క్వెట్సల్‌కోట్ల్ దేవుడని వణికిపోయాడంటారు. ఇది పిరికితనం కాక ఇంకేంటి?

పాతరాతలు:
ఆ దేవుడి కథ తర్వాత అతికించింది. కోర్తెస్ 1520లో తన రాజుకు రాసిన ఉత్తరంలో క్వెట్సల్‌కోట్ల్ పేరే లేదు. 'ఈ రాజ్యం మీదే' అని మోక్తెసుమా అన్నాడని మాత్రం రాసుకున్నాడు. ఆ మాట అజ్‌టెక్‌ల భాష నావాట్ల్ నుంచి మాయా భాషలోకి, అక్కణ్ణుంచి స్పానిష్‌లోకి ఇద్దరు దుబాసీల నోళ్లు దాటి వచ్చింది. నావాట్ల్ దొరల మర్యాద మాటలు మామూలుగానే బాగా వంగి ఉంటాయి. మనం చుట్టాలతో 'ఇది మీ ఇల్లే అనుకోండి' అనమా? మర్నాడు ఆ చుట్టం రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్తే ఊరుకుంటామా?

గోదారిగట్టు:
హహ, సరే. దేవుణ్ణి వదిలేస్తా. కానీ దారిలో చోలులాలో జనాన్ని ఊచకోత కోశారని తెలిసీ ఊళ్లోకి ఎందుకు రానిచ్చాడు? చెరువు మధ్య ఊరు, వంతెనలు ఎత్తేస్తే పోయేది.

లెక్కతేలాలి:
స్పెయిన్ వాళ్లనొక్కరినే లెక్కేస్తే ఎలా? వెంట అజ్‌టెక్‌ల శత్రువులైన ట్లాస్కాలా రాజ్యపు సైనికులు వేలమంది ఉన్నారు. అజ్‌టెక్‌లు ఏళ్లతరబడి వాళ్లకు ఉప్పు కూడా అందనివ్వలేదు, ఆ పగ ఊరికే పోతుందా! బయట వదిలేయడం కంటే లోపలికి రప్పించి కనిపెట్టుకుని ఉండటమే మేలనుకున్నాడని నా అభిప్రాయం. ఆ రోజు కోర్తెస్ మోక్తెసుమాను కౌగిలించుకోబోతే పక్కనున్న దొరలు చెయ్యి కూడా తగలనివ్వలేదు. కోర్తెస్ ఇచ్చింది గాజుపూసల దండ. బదులుగా అందింది ఎర్ర గవ్వల దండలు రెండు, ఒక్కోదానికి జానెడేసి బంగారు రొయ్యలు ఎనిమిది. నీ స్థాయేంటో చూసుకో అన్నట్టు లేదూ?

గోదారిగట్టు:
రొయ్యలు బాగున్నాయి గానీ, బందీ అయ్యాక నెలల తరబడి కూర్చుని కోర్తెస్‌తో చిన్న బంగారు గుండ్ల ఆట ఆడాడు. కోర్తెస్ తరఫున ఆట లెక్కవేసే అతని సేనాని అల్వరాదో ప్రతిసారీ ఒకటి ఎక్కువ వేస్తున్నాడని నవ్వుతూ పట్టుకున్నాడు కూడా. 1520 మేలో పండగ చేసుకుంటున్న జనాన్ని నరికించింది ఆ అల్వరాదోనే. దొంగలెక్క కనిపెట్టినవాడు ఇది కనిపెట్టలేకపోయాడా?

పాతరాతలు:
అప్పటికి ఆయన చేతిలో ఏముందండీ? జూన్‌లో, మూతపడిన బజారు తెరిపిస్తాడని స్పెయిన్ వాళ్లు బందీగా ఉన్న ఆయన తమ్ముడు క్విత్లావాక్‌ను వదిలారు. ఆ తమ్ముడే తిరుగుబాటు నడిపించాడు. అన్న మాత్రం ఆ నెలాఖరుకే పోయాడు. సొంత జనం రాళ్లదెబ్బలకని స్పెయిన్ వాళ్లు, స్పెయిన్ వాళ్లే చంపారని నావాట్ల్ కథనాలు.