మెంటర్ దగ్గరికి వెళ్లి ఏం అడగాలి?

అన్నలకు, అక్కలకు నమస్కారం. దేశం మారి మూడు నెలలైంది. పదకొండేళ్లు పనిచేసి వచ్చినా ఇక్కడ మళ్లీ ఒకటో తరగతిలో కూర్చున్నట్టుంది. ఆఫీసులో నాకొక మెంటర్‌ను ఇచ్చారు. ముప్పై ఏళ్ల సర్వీసున్న మనిషి. గంటసేపు కూర్చున్నాం. "బాగా పనిచెయ్యి, అందరితో కలుపుగోలుగా ఉండు" అన్నారు, అంతే. డబ్బు కట్టి కోచ్‌ను పెట్టుకోమని ఒక మిత్రుడు అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

---

తమ్ముడూ, ఏమనుకోకుండా ఒక మాట చెప్పు. ఆయన్ని నువ్వేం అడిగావు? "ఏదైనా సలహా ఇవ్వండి" అంటే ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా అలాంటి ముక్కలే చెబుతారు.

నేనూ కొత్తలో ఇదే తప్పు చేశాను. నాకు దొరికిన పెద్దాయన మాటలు చప్పగా ఉన్నాయని రెండుసార్లు కలిసి మానేశాను. ఏడాది తిరక్కముందే తగిలింది దెబ్బ. మీటింగ్‌లో మేనేజర్ చెప్పిన ప్లాన్ నచ్చకపోయినా తలూపేసి, సాయంత్రం అభ్యంతరాలన్నీ మెయిల్‌లో రాశాను. ముందు ఒప్పుకొని వెనక అడ్డుపడే మనిషినని పేరొచ్చింది. టెన్షన్‌తో మళ్లీ ఆయన దగ్గరికే పరిగెత్తాను. ఆయన నవ్వి, తానూ ఒకప్పుడు అదే చేశానన్నారు. ఇప్పుడైతే మీటింగ్‌కు రెండు రోజుల ముందే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి తన అనుమానం చెప్పుకుంటారట. మీటింగ్ నాటికి మాట దాదాపు తేలిపోయి ఉంటుంది.

"ఇంత సంగతి మొదట్లోనే ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను. "నువ్వు అడగలేదు, నాకూ తోచలేదు" అన్నారు. ఆయన దాచుకున్నదేమీ లేదు. ఏళ్ల తరబడి చేసిన పని చేతికి అలవాటై, చెప్పాల్సిన విషయమని కూడా అనిపించదు. మనం చెప్పగలిగేదానికన్నా మనకు తెలిసిందే ఎక్కువ అని తత్వవేత్త మైకేల్ పొలానీ 1966లో రాసింది ఇలాంటి జ్ఞానం గురించే.

అందుకని జరిగిన కథ అడుగు. చివరిసారి పైవాళ్లకు కాదని చెప్పాల్సి వచ్చినప్పుడు ఏ మాటలతో చెప్పారు? చేరిన కొత్తలో చేసిన ఏ తప్పు ఇప్పటికీ గుర్తుంది? విన్నాక ఒక్కటైనా చేసి చూసి, ఏమైందో వెళ్లి చెప్పు. తన మాట ఎక్కడికో చేరిందని తెలిస్తే ఎదుటి మనిషికి ఇంకో పది గుర్తొస్తాయి. వీసా నియమాలు మాత్రం ఆయన్ని అడక్కు. అవి ఎప్పటికప్పుడు మారుతుంటాయి, అధికారిక సైట్‌లోనే చూసుకో.

---

కోచ్ సంగతి నేను చెబుతాను. మెంటర్ తను నడిచిన దారి చెబుతారు. కోచ్ ప్రశ్నలు వేసి నీకేం కావాలో నీ నోటితోనే చెప్పిస్తారు. వాళ్లకు నీ రంగం తెలియాలనేమీ లేదు. ఇంటర్వ్యూ అంటే గొంతు ఆరిపోతుంటే కోచ్ పనికొస్తారు. మీ ఆఫీసు లోగుట్టు కావాలంటే మెంటరే దిక్కు.

చాలా దేశాల్లో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు, జాగ్రత్త. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ అని 1995లో మొదలైన సంస్థ ఉంది. దాని మొదటి మెట్టు గుర్తింపుకే 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. డబ్బు కట్టేముందు ఎన్ని గంటలు చేశారో అడుగు, మొహమాటపడకు.

---

పై ఇద్దరి మాటా నిజమే కానీ, పెద్దలు చెప్పిందల్లా చేసెయ్యకండి. అయిదేళ్ల దాకా ఉద్యోగం మారొద్దని నాకొకరు చెప్పారు. నాలుగో ఏట మా విభాగమే ఎత్తేశారు. ఆ మాట ఆయన కాలానికి సరైనదే. అలా ఎందుకన్నారో ఆ రోజే అడిగి ఉంటే నాకూ తెలిసేది.

ఇంకోటి. పదకొండేళ్లు చేసి ఒకటో తరగతి ఏమిటి బాబూ?

---

అందరికీ థాంక్సండీ. ఇవాళ ఆయన్ని మళ్లీ కలిశాను. చేరిన కొత్తలో చేసిన తప్పు గురించే అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నలభై నిమిషాలు ఆపకుండా చెప్పారు. అందులో సగం ఇక్కడ రాయకూడదు! లేచి వస్తుంటే ఆయనే ఆపి, మీ పాత చోట కస్టమర్ ఫిర్యాదులు ఎలా చూసుకునేవారని అడిగారు. వచ్చే బుధవారం అది నేను చెప్పాలట. కోచ్ విషయం అప్పటిదాకా పక్కన పెట్టాను.