పడవ ‘ఒరిగింది’ అనాలా, ‘మొగ్గింది’ అనాలా?

ప్రశ్న:
మా బావ మేరీలాండ్‌లో ఉంటాడు, చెసపీక్ ఖాతంలో తిరగడానికి 34 అడుగుల పాత తెరచాప పడవ కొన్నాడు. దాంట్లోకి కొత్త బ్యాటరీలు, ఇన్వర్టరు వస్తున్నాయి. ఏది ఎక్కడ పెట్టాలో ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా తెలుగులో రాసిపెడుతున్నాను. పడవ పక్కకి వంగడాన్ని ఒకచోట ‘ఒరగడం’ అనీ, ఇంకోచోట ‘మొగ్గడం’ అనీ రాశాను. బ్యాటరీల గురించి ‘అట్టడుగున పెట్టాలి’ అని రాశాను. ఒక్క మాట ఉంచితే చాలదా?

జవాబు 1:
చాలదండీ, రెండూ ఉంచండి. గాలికి చెట్టు ఒరుగుతుంది, తక్కెడ మొగ్గుతుంది. ఒకటి బయటి తోపు వల్ల, ఇంకొకటి లోపలి బరువు వల్ల. తెరచాపకి గాలి తగిలి పడవ వంగితే అది ఒరగడం, తెర దించితే మళ్లీ లేస్తుంది. రేవులో తాళ్లు కట్టేసి ఉన్నప్పుడు, ఆకు కదలని పూట కూడా ఒక పక్క దిగి ఉందంటే అది మొగ్గు, అంటే సామాను సర్దడంలోనే తేడా ఉందన్నమాట. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లెడ్ బ్యాటరీ ఒక్కోటి సుమారు 30 కిలోలుంటుంది. నాలుగింటినీ ఖాళీ ఉంది కదా అని ఒక పక్క బల్ల కింద పెట్టేస్తే 120 కిలోలు ఎప్పటికీ ఆ పక్కనే ఉండిపోతాయి, ఇక అటువైపు ఒరిగే గాలి వచ్చినప్పుడల్లా పడవ ఇంకాస్త ఎక్కువ వంగుతుంది. అందుకని బరువైనవి నడిమి గీత మీద ఉండాలి.

పొడవులో చూసినా మధ్యకే దగ్గరగా ఉండాలి, ఎందుకంటే పడవ ముందుకి కూడా మొగ్గుతుంది. లంగరు లాగే మోటారు ముందు ఉంటుంది కాబట్టి వైరు కలిసొస్తుందని బ్యాటరీలు కూడా ముక్కులోనే పెడదామనిపిస్తుంది. పెడితే ఎదురు అలలకి ముక్కు తేలిగ్గా లేవదు. 1000 వాట్ల మోటారు 12 వోల్టుల మీద 80 ఆంపియర్ల పైనే లాగుతుంది, సన్న వైరైతే వేడెక్కుతుంది, వోల్టేజీ పడిపోతుంది. ఖర్చైనా సరే, లావు వైరు ముందుదాకా వేసి బ్యాటరీలు మధ్యలో ఉంచడమే మంచిదని నా అభిప్రాయం.

జవాబు 2:
మాటల తేడా నిజమే, మామూలు కబుర్లలో అయితే ‘వాలింది’ అన్నా సరిపోతుంది. నాకు భయమల్లా మీరు రాసిన ‘అట్టడుగున పెట్టాలి’ అన్న వాక్యం గురించి. అది చదివినవాళ్లు బ్యాటరీని తీసుకెళ్లి నీళ్లు చేరే గుంటలో పెట్టేస్తారు. లెడ్ బ్యాటరీలోకి ఉప్పునీళ్లు పోతే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసి ఉన్న గదిలో అది ప్రాణాల మీదకి తెస్తుంది. ‘అడుగుకి దగ్గరగా, నీళ్లు అందనంత పైన’ అని మార్చండి. ఛార్జింగప్పుడు వచ్చే హైడ్రోజన్ పైకి పోతుంది కాబట్టి గాలి పోయే కంత పెట్టె పైభాగంలోనే ఉండాలి. ఇంజను గదిలో వద్దు, ఆ వేడికి బ్యాటరీ తొందరగా పోతుంది.

ఇంకోటి, ‘పెట్టాలి’ అన్నచోటల్లా ‘బిగించాలి’ అని రాయండి. పెద్ద అలకి పడవ పూర్తిగా పక్కకి పడిపోయినప్పుడు, వదులుగా ఉన్న 30 కిలోల పెట్టె మనిషి మీదకి వచ్చిపడుతుంది.

అడిగినవారు:
అన్నీ మార్చాను, చాలా థాంక్స్. ఇన్వర్టరుని బ్యాటరీల మీదే, అరలాగా కట్టి బిగిస్తే చోటు కలిసొస్తుందంటున్నాడు బావ?

జవాబు 2:
వద్దనండి. ఆ హైడ్రోజను, యాసిడ్ ఆవిరి నేరుగా దానికే తగులుతాయి. అలాగని దూరంగానూ వద్దు, 2000 వాట్లకి 170 ఆంపియర్ల పైనే లాగుతుంది, అందుకని వైరు పొట్టిగా ఉండాలి. పక్క అరలో, పొడిగా, గాలాడేచోట, దిక్సూచికి కనీసం మీటరు ఎడంగా పెట్టమనండి.

జవాబు 1:
బిగించడానికి కంతలు వేసేముందు బరువులన్నీ ఊరికే అనుకున్నచోట ఉంచి, గాలి లేనప్పుడు రేవులోనే రెండు పక్కలా నీటిగీత ఎంతెత్తులో ఉందో చూసుకోమనండి. అంగుళం తేడా ఉన్నా అప్పుడే జరపడం తేలిక.