మందుగుండులో ‘మందు’ ఎక్కడిది?

ప్రశ్న:
సభ్యులకు నమస్కారం. మందుగుండు, మందుపాతర, తుపాకిమందు. వీటిలో ఉన్న ‘మందు’, జ్వరమొస్తే వేసుకునే ‘మందు’ ఒకటేనా? లేక రెండు వేరువేరు మాటలు కాలక్రమంలో ఒకే రూపంలోకి వచ్చాయా? పెద్దలు చెప్పగలరు.

ఒక జవాబు:
వేరే మాటే అయి ఉంటుందండీ. మండేది కాబట్టి ‘మండు’. అదే వాడుకలో ‘మందు’ అయింది. ప్రాణం పోసే దానికీ ప్రాణం తీసే దానికీ ఒకే పేరు ఎవరైనా ఎందుకు పెడతారు?

మరో జవాబు:
వినడానికి బాగుంది గానీ, ‘మండు’ కుదరదండీ. పక్క భాషలు చూడండి. తమిళంలో వెడిమరుందు, మలయాళంలో వెడిమరున్ను, కన్నడంలో మద్దుగుండు. మరుందు, మరున్ను, మద్దు, మూడూ ఔషధమే. మన ‘మందు’ వాటి తోబుట్టువు. మండడానికీ ఈ మాటలకూ చుట్టరికం లేదు. బ్రౌన్ నిఘంటువు కూడా ఔషధాన్నీ తుపాకిమందునూ ఒకే ‘మందు’ కింద చూపిస్తుంది.

పోనీ ఇది దక్షిణాది వాళ్ళ చమత్కారం అనుకుందామా అంటే, అదీ కాదు. చైనావాళ్ళు దాన్ని ‘హువోయావ్’ అంటారు, అంటే అగ్ని ఔషధం. పారసీలో ‘దారూ’ అంటే ఔషధం. ఆ మాటే మరాఠీలోకి వచ్చి సారాయీ అయింది, తుపాకిమందూ అయింది. మరాఠీవాళ్ళు మందుగుండును ఇప్పటికీ ‘దారూగోళా’ అంటారు. మందు అంటే మనకున్న మూడు అర్థాలూ అక్కడా ఉన్నాయన్నమాట! నాకు అన్నిటికంటే నచ్చింది జర్మన్ మాట. పాతకాలపు జర్మన్ ఫిరంగి పనివాళ్ళు మందునూ గుండునూ జోడించి ‘క్రౌట్ ఉండ్ లోట్’ అనేవాళ్ళు. క్రౌట్ అంటే మూలిక, లోట్ అంటే సీసం. మనల్ని చూసి వాళ్ళూ, వాళ్ళను చూసి మనమూ పెట్టుకున్న పేర్లు కావివి.

ఎందుకిలా అంటే, తుపాకిమందు సురేకారం (ఒక రకం ఉప్పు), గంధకం, బొగ్గు కలిపిన పొడి. వీటిలో సురేకారం, గంధకం ఆయుధాలు కాకముందు వైద్యుడి పెట్టెలో ఉన్న దినుసులు. ఈ మిశ్రమం పాళ్ళు 1044 నాటి చైనా యుద్ధగ్రంథంలో కనిపిస్తాయి. అంతకుముందు దీంతో తంటాలు పడింది ఆయుష్షు పెంచే రసాయనం కోసం వెతికిన వాళ్ళు. సురేకారాన్ని ‘చైనా మంచు’ అని రాసిన ఇబ్న్ అల్ బైతార్ 13వ శతాబ్దపు మూలికా వైద్యుడు, సైనికుడు కాడు.

సరే, దినుసుల సంగతి అది. నన్నడిగితే ఆ పేరుకు అసలు న్యాయం చేసింది 14, 15 శతాబ్దాల్లో యూరప్ కోటల ముందు ఫిరంగులు పేల్చినవాళ్ళు. తొలినాటి మందు మెత్తని పొడి. బండి మీద వేసుకుని వెళ్తే కుదుపులకు బరువైన దినుసులు కిందికి దిగి, బొగ్గు పైకి తేలేది. పైగా సురేకారం చెమ్మ పీల్చేది. అందుకని మూడింటినీ విడివిడిగా మోయించుకుపోయి, ముట్టడి వేసిన చోటే కలుపుకునేవాళ్ళు. అది అచ్చంగా వైద్యుడి పనే. పాళ్ళు తప్పితే గుండు గోడ దాకా పోదు, లేదా గొట్టమే పగులుతుంది. గొట్టం పగిలితే ఏమవుతుందో 1460లో రాక్స్‌బర్గ్ కోట ముందు స్కాట్లండ్ చూసింది. పక్కన నిలబడ్డ తమ రాజు రెండో జేమ్స్‌ను తమ ఫిరంగే చంపింది.

15వ శతాబ్దం మొదట్లో ఒక ఉపాయం దొరికింది. పొడిని వైన్‌తోనో వెనిగర్‌తోనో తడిపి, ముద్దలు చేసి ఎండబెట్టడం. (మందులో మందు పోయడం అంటే ఇదే కాబోలు.) ముద్దకట్టిన మందులో దినుసులు విడిపోవు, చెమ్మా తక్కువ పడుతుంది, మంటా జోరుగా అంటుకుంటుంది. 1420 ప్రాంతంలో జర్మన్‌లో వచ్చిన ‘ఫాయర్‌వెర్క్‌బూఖ్’ అనే ఫిరంగి పనివాళ్ళ పుస్తకం ఇలాంటి పాకాలన్నీ చెబుతూ, ఫిరంగి పనివాడికి చదవడం, రాయడం వచ్చి తీరాలంటుంది. ఇన్ని వివరాలు మనసులో పట్టి ఉంచుకోవడం సాధ్యం కాదట!

ఇంత చేసినా పని వేగంగా సాగేది కాదు. 1453లో తురుష్క సుల్తాను కాన్‌స్టాంటినోపుల్‌ను (నేటి ఇస్తాంబుల్) ముట్టడించినప్పుడు, ఆ గోడల ముందు అతని కోసం ఓర్బాన్ అనే పనివాడు పోతపోసిన పెద్ద ఫిరంగి రోజుకు ఏడుసార్లు పేలితే గొప్ప. దాన్ని సుల్తాను రాజధాని ఎడిర్నె నుంచి అరవై ఎద్దులతో లాగించారని చెబుతారు. పగలు కూలిన చోట రాత్రికి రాత్రి నగరవాసులు మట్టి, కొయ్యలు, పీపాలు పేర్చేవాళ్ళు. ఏప్రిల్ 6న మొదలైన ముట్టడి మే 29 దాకా నడిచింది.

ప్రశ్న అడిగినవారు:
చాలా బాగా చెప్పారండీ. ‘మండు’ అన్నవారికి కూడా ధన్యవాదాలు, అది లేకపోతే ఇదంతా వచ్చేది కాదు. మరి మందుపాతరలో పాతర?

మరో జవాబు:
ధాన్యం దాచే పాతరేనండీ, భూమిలో తవ్విన గొయ్యి. కోట గోడ కిందికి సొరంగం తవ్వడం మందు కంటే పాత విద్య. తవ్వినంత మేరా కొయ్య స్తంభాలు నిలిపి, చివర్లో వాటిని తగలబెడితే పైనున్న గోడ కుంగేది. 1215లో ఇంగ్లండ్ రాజు జాన్ రాచెస్టర్ కోట కింద ఈ మంట కోసం నలభై బలిసిన పందులను తెప్పించాడు, వాటి కొవ్వు కోసం. తర్వాత ఆ గోతిలోకి కొవ్వు బదులు మందు వచ్చింది. దక్కనులో బహమనీ మంత్రి మహమూద్ గవాన్ కాలంలో, 1473లో, బెల్గాం కోట గోడలను ఇలాగే పేల్చారని ఫెరిష్తా చరిత్ర చెబుతుంది. మందును పాతరేయడం. మాటలోనే పనంతా ఉంది.

‘మండు’ అన్నవారు:
ఒప్పుకున్నానండీ. ఇంకొక్కటి. 1520లో రాయలవారు రాయచూరు కోటను మందుతోనే పగలగొట్టారా?

మరో జవాబు:
గోడ మీద మందు ప్రతాపం కాదది. పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాసిన దాన్ని బట్టి, రాయలవారి మనుషులు గడ్డపారలతో గోడ రాళ్ళు ఊడబెరికారు. ఊడదీసిన రాయి సైజును బట్టి నాయకులు పణాలు (ఆనాటి నాణేలు) లెక్కపెట్టి ఇచ్చారు. కోటలో పెద్ద ఫిరంగులు బోలెడున్నా, అవి ఎత్తున ఉండటంతో గోడ మొదట్లోకి చేరినవాళ్ళకు తగల్లేదు. మందు పనిచేసింది ఇవతలి వైపు, తుపాకుల్లో. క్రిస్తోవాన్ ద ఫిగెరేదో అనే పోర్చుగీసు, తన వెంట ఉన్న ఇరవై మందితో గోడ మీద తల కనబడితే చాలు కాల్చాడు. చివరికి కోట అధికారి గోడ మీంచి వంగి చూస్తుంటే ఒక గుండు నుదుట తగిలింది. మర్నాడు కోట లొంగింది.