మొరాకో 2011 రాజ్యాంగంలో అధికార విభజన ఎంతవరకు నిజం?

ప్రశ్న:
2011లో ప్రజాస్వామ్య సంస్కరణలు కోరుతూ ఫిబ్రవరి 20 ఉద్యమం మొదలైన మూడు వారాల్లోపే మొరాకో రాజు ఆరో మొహమ్మద్ రాజ్యాంగ సంస్కరణలు ప్రకటించారు. జులై 1న ప్రజాభిప్రాయ సేకరణలో కొత్త రాజ్యాంగం నెగ్గింది. అధికారాల విభజన, సమతుల్యం, సహకారం తమ వ్యవస్థకు ఆధారమని దాని మొదటి అధికరణమే చెబుతోంది. అయితే మంత్రిమండలికి అధ్యక్షత వహించేదీ, పార్లమెంటును రద్దు చేయగలిగేదీ, న్యాయమూర్తుల నియామకాలు, పదోన్నతులు చూసే ఉన్నత మండలికి అధిపతీ రాజే. అలాంటప్పుడు దీన్ని విభజన అనవచ్చా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
కొంతమేరకు అనవచ్చుననే నా అభిప్రాయం. 2002 ఎన్నికల్లో సోషలిస్టులు మొదటి స్థానంలో నిలిచినా, ఏ పార్టీకీ చెందని ద్రిస్ జెత్తూను రాజు ప్రధానిగా నియమించారు. అప్పటి రాజ్యాంగంలో దానికి అడ్డు లేదు. ఇప్పుడు మొదటి స్థానం పొందిన పార్టీ నుంచే ప్రభుత్వాధినేతను (అంటే ప్రధానిని) నియమించాలని 47వ అధికరణం నిర్దేశిస్తోంది. న్యాయవ్యవస్థలోనూ మార్పు చిన్నది కాదు: పాత మండలిలో ఉపాధ్యక్షుడిగా ఉండిన న్యాయశాఖ మంత్రికి కొత్త మండలిలో చోటే లేదు, 2017లో ప్రాసిక్యూషన్ విభాగం కూడా ఆయన అజమాయిషీ నుంచి తప్పుకుంది.

జవాబు 2:
ఈ వాస్తవాలతో నాకు పేచీ లేదు. కానీ విభజన అంతా రాజుకు దిగువనున్న సంస్థల మధ్యనే జరిగింది. న్యాయమండలి నుంచి మంత్రి వెళ్లిపోయారు, రాజు వెళ్లలేదు. 42వ అధికరణం ఆయనను సంస్థల మధ్య సర్వోన్నత మధ్యవర్తిగా నిలిపింది. అదెంత పెద్ద అధికారమో 2016 ఎన్నికల తర్వాత తేలింది. 395 స్థానాల్లో 125 గెలిచి అప్పటి ప్రభుత్వాధినేత బెన్‌కిరాన్ పార్టీ మళ్లీ ముందు నిలిచినా, ఐదు నెలలు గడిచినా సంకీర్ణం కుదరలేదు. అప్పుడేం చేయాలో 47వ అధికరణం చెప్పదు. 2017 మార్చిలో రాజు ఆయనను తప్పించి, అదే పార్టీకి చెందిన ఎల్ ఒత్మానీని నియమించారు. నిబంధన మాట తప్పలేదు, నిజమే. కానీ గెలిచిన నాయకుడు ఉండాలా పోవాలా అన్నది రాజప్రాసాదమే తేల్చింది. నాకు బాధ కలిగించేది ఇదే.

జవాబు 3:
పక్కనే ఉన్న స్పెయిన్‌ కూడా రాజరికమే, 2016లో అక్కడా నెలల తరబడి ప్రభుత్వం ఏర్పడలేదు. కానీ 1978 రాజ్యాంగంలోని 99వ అధికరణం ప్రకారం, మొదటి విశ్వాస ఓటింగు జరిగిన రెండు నెలల్లో ఎవరికీ సభ విశ్వాసం దక్కకపోతే సభలు రద్దై మళ్లీ ఎన్నికలు జరగాలి, ఆ ఉత్తర్వుపై దిగువసభ అధ్యక్షుడు కూడా సంతకం చేయాలి. ఆ జూన్‌లో అలాగే ఎన్నికలు జరిగాయి. మొరాకోకు కావలసింది ఇలాంటి గడువు.

జవాబు 2 రాసినవారు:
అంగీకరిస్తాను. అయితే ప్రభుత్వాధినేత అలాంటి సవరణ తెస్తే అది రాజు అధ్యక్షత వహించే మంత్రిమండలిని దాటాలి. పార్లమెంటు సభ్యులు తెస్తే రెండు సభల్లోనూ మూడింట రెండువంతుల ఓట్లు కావాలి; ఏ పార్టీకీ మూడోవంతు సీట్లయినా రాని సభలో అది పలు పార్టీలు కలిస్తే తప్ప జరగదు.