18-18 దగ్గర చెయ్యి వణికే పిల్లకి బరువులు పనికొస్తాయా?

బ్రాడీపేట అమ్మ:
మా పాపకి పదమూడేళ్లు, షటిల్ ఆడుతుంది. ప్రాక్టీసులో అందర్నీ ఉతికేస్తుంది. మ్యాచ్‌లో మూడో గేమ్ 18-18 దాకా వచ్చిందా, సర్వీసు నెట్‌కే. కోచ్ సారేమో "కాళ్లలో బలం లేదు, గుండెలో అంతకన్నా లేదు, బరువులు ఎత్తించండి" అంటారు. పిల్ల పొట్టిగా ఉండిపోతుందని మా అత్తగారి గోల. బరువులెత్తితే నిజంగా ధైర్యం వస్తుందా?

పటమట పాత పీఈటీ:
అమ్మా, ముందు అత్తగారి సంగతి. పక్కన తెలిసిన మనిషి ఉండి పద్ధతిగా చేయిస్తే ఎదుగుదల ఆగదు, పిల్లల డాక్టర్లూ ఇదే చెప్తారు. నేర్పేవాడు లేక, పక్కవాడితో పందెం కట్టి ఎత్తితేనే దెబ్బలు. ఆడపిల్లల బార్ (బరువులు తగిలించే ఇనుప కడ్డీ) ఒక్కటే 15 కిలోలు, మొదట అదీ వద్దు. కర్రతో నేర్పించి, తర్వాత చిన్న డంబెల్స్. వారానికి రెండు రోజులు, మధ్యలో విరామం ఉండాలి. ఇంకో రెండుసార్లు చేయగలను అనిపిస్తుండగానే సెట్ ఆపాలి.

ఇక ధైర్యం. మనవాళ్లు తప్పు చేస్తే గుంజీలు, ఓడిపోతే గ్రౌండు చుట్టూ పరుగులు అంటారు. దానివల్ల కసరత్తంటే కక్ష తప్ప ఇంకేం రాదు. నేనైతే పిల్ల చేతికి నోట్‌బుక్ ఇస్తా. ఇవాళ ఎంత ఎత్తాలో తనే రాసుకోవాలి. ఎత్తలేకపోతే బరువు ఎలా వదిలెయ్యాలో ముందే నేర్పుతా. ఎత్తలేకపోయినా కొంపలేం మునగవని ఒంటికి తెలియాలి.

సిడ్నీలో 2000లో కరణం మల్లీశ్వరి ఆఖరిసారి 137.5 కిలోలకి వెళ్లింది, ఎత్తలేకపోయింది. రెండు రకాల లిఫ్టుల్లో అప్పటికే ఎత్తిన 110, 130 కిలోలు ఉన్నాయి కాబట్టి కాంస్యం వచ్చింది, ఒలింపిక్స్‌లో మన ఆడవాళ్లకి అదే తొలి పతకం. పోయిన లిఫ్టు పోగా నిలబడ్డదే లెక్క. (మా విజయవాడ ఇండోర్ స్టేడియానికి పేరున్న దండమూడి రాజగోపాలరావు గారూ వెయిట్‌లిఫ్టరే. అక్కడ షటిల్ ఆడే పిల్లల్లో ఎంతమందికి తెలుసో!)

ఒకటి మాత్రం గట్టిగా చెప్తా. జిమ్‌లో వచ్చిన ధైర్యం దానంతటది కోర్టులోకి నడిచి రాదు. బరువు ఎత్తే ముందు కాళ్లు సర్దుకుని, నిండుగా ఊపిరి పీల్చి, చూపు ఒక్కచోట నిలపడం అలవాటు చేయించి, అదే వరస సర్వీసు ముందు కూడా పెట్టించండి. ప్రాక్టీసులో 18-18 నుంచే గేమ్ మొదలుపెట్టించండి.

తెనాలి కబడ్డీ నాన్న:
మావాణ్ని పెద్దవాళ్ల జిమ్‌లో చేర్పిస్తే మొదటిరోజే ప్రోటీన్ డబ్బా అంటగట్టబోయారు. పప్పు, గుడ్డు, పెరుగు చాలన్నాం, మొహం మాడ్చుకున్నారు.

బ్రాడీపేట అమ్మ:
సార్, ఇంట్లోనే మొదలుపెట్టొచ్చా?

పటమట పాత పీఈటీ:
హాయిగా. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడకి దండీలు, పుస్తకాల సంచి రెండు చేతులతో ఎత్తడం. మే నెలలో అయితే పొద్దువాలాకే. టోర్నమెంట్‌కి రెండు రోజుల ముందు నుంచి కాళ్ల పని ఆపెయ్యండి, నొప్పులతో కోర్టులోకి దిగకూడదు. నోట్‌బుక్ మాత్రం కోచ్ సారు చేతికి ఇవ్వొద్దు.